ఫిలిప్ విన్సెంట్

ఫిలిప్ కాన్రాడ్ విన్సెంట్ (మార్చి 14, 1908 - మార్చి 27, 1979) ప్రముఖ బ్రిటిషు ఇంజనీరు, మోటారు సైకిళ్ళ రూపకర్త, పారిశ్రామికవేత్త. విన్సెంట్ హెచ్.ఆర్.డి. సంస్థ వ్యవస్థాపకుడు. రాపిడ్, బ్లాక్ షాడో, బ్లాక్ లైట్నింగ్ అనే మోటారు సైకిళ్ళ వల్ల ఈయన పేరు ప్రపంచానికి తెలిసింది. అయితే ఈ బండ్లన్నిటికంటే ముందే ఈయన మనసులో రూపుదిద్దుకొన్నది వెనుక చక్రపు సస్పెన్షను. వెనుక చక్రాన్ని త్రిభుజాకారపు చట్రంలో బిగించి, దాని కుదుపులను సీటు కింద అమర్చిన స్ప్రింగుల మీదికి మళ్ళించే ఈ పద్ధతికి ఈయన 1928లో, ఇరవై యేళ్ళ వయసులో, పేటెంటు పొందాడు. ఆ కాలంలో కొనుగోలుదారులు శంకించిన ఈ పద్ధతి, దాదాపు అర్ధ శతాబ్దం తరువాత డర్ట్ బైకులలో మోనోషాక్ అనే పేరుతో తిరిగి కనిపించింది. నేడు భారతదేశపు రోడ్లపై తిరుగుతున్న అనేక మోటారు సైకిళ్ళలో సీటు కింద ఉండే ఒంటి షాక్ అబ్జార్బరు కూడా ఇదే ఆలోచనకు చెందినది.

బాల్యం, విద్యాభ్యాసం

విన్సెంట్ ఆంగ్లేయుల కుటుంబంలో జన్మించాడు. ఈయన తండ్రికి దక్షిణ అమెరికాలోని అర్జెంటీనాలో పెద్ద పశువుల క్షేత్రం ఉండేది. విన్సెంట్ బాల్యం అక్కడే గడిచింది. చదువు కొరకు ఇతనిని ఇంగ్లాండు పంపించారు. అక్కడ హారో పాఠశాలలో చదువుతున్న రోజులలోనే మోటారు సైకిళ్ళపై ఆసక్తి ఏర్పడింది. తరువాత కేంబ్రిడ్జిలోని కింగ్స్ కళాశాలలో చేరి యంత్రశాస్త్రం అభ్యసించాడు.

కేంబ్రిడ్జిలో ఉన్నప్పుడే, 1927లో, తన మొదటి మోటారు సైకిలును స్వయంగా రూపొందించాడు. దీనికి స్విట్జర్లాండులో తయారైన మ్యాగ్ ఇంజను అమర్చాడు. ఇంజను వంటి భాగాలు బయట కొన్నవే అయినా వెనుక చట్రం మాత్రం పూర్తిగా విన్సెంట్ సొంత ఆలోచన. మరుసటి సంవత్సరం దానికే పేటెంటు లభించింది.

వెనుక సస్పెన్షను - ఆనాటి పరిస్థితి

విన్సెంట్ చేసిన పని విలువ తెలియాలంటే 1920లలోని మోటారు సైకిలు ఎలా ఉండేదో తెలుసుకోవాలి. ముందు చక్రానికి స్ప్రింగులు ఉండేవి. వెనుక చక్రం మాత్రం చాలా బండ్లలో, సైకిలుకు ఉన్నట్లే, కదలిక లేకుండా చట్రానికి బిగించి ఉండేది. గుంతలో పడిన ప్రతి దెబ్బా నేరుగా చట్రానికి, అక్కడినుండి నడిపేవాని నడుముకు తగిలేది. స్ప్రింగులు లేని ఎడ్లబండిలో రాళ్ళ బాటపై ప్రయాణించినవారికి ఈ బాధ తెలుస్తుంది. సీటుకు మాత్రం స్ప్రింగులు అమర్చి అంతటితో సరిపెట్టేవారు.

సీటు స్ప్రింగుల వల్ల మనిషికి కొంత ఉపశమనం కలిగేది గాని చక్రానికి ప్రయోజనం లేదు. గతుకు తగిలినపుడు చక్రం నేల విడిచి పైకి ఎగురుతుంది. నేలను తాకని చక్రం బండిని ముందుకు నెట్టలేదు, బ్రేకు వేస్తే ఆపలేదు. కాబట్టి వెనుక సస్పెన్షను సుఖానికి సంబంధించినది మాత్రమే కాదు, అది భద్రతకు, వేగానికి కూడా సంబంధించినది.

అంతకు ముందు కూడా కొందరు వెనుక చక్రానికి స్ప్రింగులు పెట్టి చూశారు. కాని వాటిలో చాలావరకు కొంతకాలానికి కీళ్ళు అరిగి, మలుపులలో వెనుక చక్రం అటూ ఇటూ ఊగేది. అందువల్ల స్ప్రింగు చట్రం అంటే నమ్మదగనిది అనే అభిప్రాయం స్థిరపడిపోయింది. పందెగాళ్ళు కూడా కదలని చట్రమే మేలని భావించేవారు.

విన్సెంట్ పద్ధతి

ఈ లోపానికి కారణం స్ప్రింగు కాదని, చక్రాన్ని పట్టుకొనే చట్రంలో బిగువు లేకపోవడమేనని విన్సెంట్ గ్రహించాడు. ఆయన పరిష్కారం ఇలా ఉంటుంది:

* వెనుక చక్రాన్ని పట్టుకొనే చట్రం రెండు వైపులా త్రిభుజాకారంలో ఉంటుంది. మూడు కడ్డీలతో చేసిన త్రిభుజాన్ని వంచడం కష్టం. వంతెనలలోను, ఇంటిపైకప్పు దూలాలలోను త్రిభుజాలు వాడేది ఇందుకే.
* త్రిభుజపు ఒక మూల గేరుబాక్సు వెనుక కీలుకు బిగించి ఉంటుంది. ఈ కీలులో టేపర్ రోలర్ బేరింగులు వాడారు. అరుగుదల ఏర్పడితే వీటిని మరల బిగించుకోవచ్చు.
* రెండవ మూలలో చక్రపు ఇరుసు ఉంటుంది.
* పైనున్న మూడవ మూల సీటు కింద అమర్చిన స్ప్రింగులను నొక్కుతుంది. చక్రం పైకి లేచినపుడు ఈ మూల ముందుకు కదలి స్ప్రింగులను కుదిస్తుంది.

కీలు గేరుబాక్సు పళ్ళ చక్రానికి దగ్గరలో ఉండడం వల్ల వెనుక చక్రం పైకీ కిందికీ కదిలినా చైను బిగువు పెద్దగా మారదు. స్ప్రింగులు ఇరుసు పక్కన కాక బండి మధ్యలో ఉండడం వల్ల చక్రంతోపాటు కదిలే బరువు తగ్గుతుంది.

సంస్థ స్థాపన

సొంత పేరుతో బండ్లు అమ్మితే కొత్తవాడిని ఎవరూ నమ్మరని విన్సెంట్‌కు తెలుసు. అప్పటికే పేరున్న సంస్థ ఒకటి కావలసి వచ్చింది. హోవర్డ్ రేమండ్ డేవిస్ అనే పందెగాడు 1924లో తన పేరులోని పొడి అక్షరాలతో హెచ్.ఆర్.డి. అనే సంస్థను ప్రారంభించి, 1925లో ఐల్ ఆఫ్ మ్యాన్ సీనియర్ టి.టి. పందెంలో తాను తయారుచేసిన బండి మీదనే గెలిచాడు. అయినా ఆ సంస్థ లాభాలు గడించలేక 1928 ప్రారంభంలో మూతపడింది. అదే సంవత్సరం విన్సెంట్ తండ్రి పెట్టుబడి సహాయంతో ఆ పేరును కొని, ఇంగ్లాండులోని స్టీవెనేజ్ పట్టణంలో విన్సెంట్ హెచ్.ఆర్.డి. సంస్థను స్థాపించాడు.

హెచ్.ఆర్.డి. పేరున్నా మొదట్లో అమ్మకాలు చాలా తక్కువగా ఉండేవి. ఇంజన్లు జె.ఎ.పి. వంటి ఇతర సంస్థల నుండి తెప్పించేవారు. కొనడానికి వచ్చినవారు వెనుక స్ప్రింగులను చూసి వెనుకంజ వేసేవారు. చివరకు బండి చూపులకు మామూలు బండిలాగే కనిపించేటట్లు చట్రం ఆకారాన్ని మార్చవలసి వచ్చింది. అయినా విన్సెంట్ వెనుక సస్పెన్షనును మాత్రం వదలలేదు. తన సంస్థ మోటారు సైకిళ్ళన్నిటికీ ఇదే సూత్రాన్ని చివరిదాకా కొనసాగించాడు.

ఫిల్ ఇర్వింగ్ రాక

1931లో ఫిల్ ఇర్వింగ్ అనే ఆస్ట్రేలియా ఇంజనీరు సంస్థలో చేరాడు. విన్సెంట్ హెచ్.ఆర్.డి. సైడ్‌కారు బండిపై ప్రపంచయాత్ర చేస్తున్న జాన్ గిల్ అనే వ్యక్తికి తోడుగా ఇర్వింగ్ ఆస్ట్రేలియా నుండి ఇంగ్లాండు చేరుకొన్నాడు. విన్సెంట్‌వి సాహసోపేతమైన ఆలోచనలు. ఇర్వింగ్‌ది వాటిని కొలతలలోకి, లోహంలోకి తెచ్చే నేర్పు. ఈ ఇద్దరి కలయిక సంస్థకు ప్రాణం పోసింది.

1934 టి.టి. పందెంలో విన్సెంట్ బండ్లు కొన్న ఇంజన్ల వైఫల్యం వల్ల పందెం పూర్తిచేయలేకపోయాయి. ఇక ఇతరుల ఇంజన్లపై ఆధారపడరాదని నిశ్చయించి, విన్సెంట్, ఇర్వింగ్ కొద్ది నెలలలోనే 499 సి.సి. సొంత ఇంజను తయారుచేశారు. అదే సంవత్సరం లండనులోని ఒలింపియా ప్రదర్శనలో మీటియర్, కామెట్ అనే బండ్లను ప్రదర్శించారు. కామెట్ గంటకు 90 మైళ్ళ (సుమారు 145 కి.మీ.) వేగాన్ని అందుకొనేది.

1936లో రాపిడ్ వెలువడింది. కామెట్ ఇంజను పటాలు రెండు బల్లపై ఒకదానిమీద ఒకటి ఏటవాలుగా పడి ఉండగా, ఆ రెండూ కలిసి ఆంగ్లాక్షరం వి ఆకారంలో ఇర్వింగ్‌కు కనిపించాయని, దానినుండే రెండు సిలిండర్ల ఇంజను ఆలోచన పుట్టిందని చెబుతారు. 998 సి.సి. గల ఈ ఇంజను 45 అశ్వశక్తిని ఇచ్చేది. బండి గంటకు 110 మైళ్ళు (సుమారు 177 కి.మీ.) పోయేది. అయితే ఇంజను బలాన్ని ఆనాటి క్లచ్చి, గేరుబాక్సు తట్టుకోలేకపోయేవి. రెండవ ప్రపంచయుద్ధం మొదలయ్యేనాటికి ఇవి వందకు లోపే తయారయ్యాయి.

యుద్ధకాలం, తరువాత

యుద్ధకాలంలో మోటారు సైకిళ్ళ తయారీ నిలిచిపోయి కర్మాగారం యుద్ధ సామగ్రి తయారీకి మళ్ళింది. మధ్యలో వేరే సంస్థకు వెళ్ళిన ఇర్వింగ్ యుద్ధకాలంలోనే తిరిగి వచ్చాడు. యుద్ధం ముగిసిన తరువాత ఏమి తయారుచేయాలో ఇద్దరూ ముందే ఆలోచించి పెట్టుకొన్నారు. ఫలితంగా 1946లో సిరీస్ బి రాపిడ్ బయటకు వచ్చింది.

ఈ బండికి మామూలు అర్థంలో చట్రం లేదు. ఇంజను, గేరుబాక్సు కలిసిన లోహపు దిమ్మే చట్రపు పని చేస్తుంది. దానిపై ఒక పెట్టె వంటి దూలం ఉంటుంది. ఇంజను ఆయిలు ఆ దూలంలోనే ఉంటుంది. దూలానికి ముందువైపు ఫోర్కు, వెనుక చివర సస్పెన్షను స్ప్రింగులు ఆనుకొని ఉంటాయి. త్రిభుజాకారపు వెనుక చట్రం గేరుబాక్సు వెనుక కీలుకొని ఉంటుంది. బండి నుండి అనవసరమైన కడ్డీ ప్రతిదానినీ తీసివేయడం ఇందులోని సూత్రం.

1948లో వచ్చిన బ్లాక్ షాడో ఇంజనుకు నల్లని పూత ఉండేది. ఇది 55 అశ్వశక్తిని ఇచ్చేది. దీని వేగం గంటకు 125 మైళ్ళు (సుమారు 201 కి.మీ.). ఆ కాలంలో సాధారణ పౌరుడు కొని రోడ్డుపై నడుపగల మోటారు సైకిళ్ళలో ఇది అత్యంత వేగవంతమైనదిగా పేరుపొందింది. దీనికి ముందు ప్రయోగాల కొరకు ఫ్యాక్టరీలో సిద్ధం చేసిన ఒక బండికి గంగా దీన్ అనే పేరు వచ్చింది. ఇది రడ్యార్డ్ కిప్లింగ్ కవితలోని భారతీయ నీళ్ళు మోసేవాని పేరు. పరీక్షకుడు జార్జి బ్రౌన్ ఈ బండిపై అనేక పందేలలో పాల్గొన్నాడు.

1948 సెప్టెంబరు 13న అమెరికాలోని బాన్నెవిల్ ఉప్పు మైదానంలో రోలీ ఫ్రీ అనే పందెగాడు విన్సెంట్ బండిపై గంటకు 150.313 మైళ్ళ (సుమారు 242 కి.మీ.) వేగంతో అమెరికా రికార్డు నెలకొల్పాడు. గాలి నిరోధాన్ని తగ్గించడానికి ఆయన ఈతదుస్తులతో, కాళ్ళు వెనుకకు చాచి, బండిపై బోర్లా పడుకొని నడిపాడు. ఆ ఛాయాచిత్రం మోటారు సైకిళ్ళ చరిత్రలోకెల్లా ప్రసిద్ధమైన వాటిలో ఒకటి. పందేల కొరకు తయారుచేసిన బ్లాక్ లైట్నింగ్‌లు సుమారు 30 మాత్రమే.

స్ప్రింగుకు తోడు డాంపరు

స్ప్రింగు ఒక్కటే ఉంటే చాలదు. ఉయ్యాలను ఒకసారి నెట్టి వదిలితే అది చాలాసేపు ఊగుతుంది. అలాగే కుదించిన స్ప్రింగు తిరిగి విప్పుకొని పలుమార్లు ఊగుతుంది. ఈ ఊపును అణచే భాగాన్ని డాంపరు అంటారు. సాధారణంగా షాక్ అబ్జార్బరు అని పిలిచేది స్ప్రింగు, డాంపరు కలిసిన భాగాన్నే.

విన్సెంట్ బండ్లలో ఈ భాగం క్రమంగా మారుతూ వచ్చింది:

* తొలి బండ్లలో, సిరీస్ బి వరకు, రాపిడి డాంపర్లు ఉండేవి. పళ్ళెములవంటి బిళ్ళలు ఒకదానితో ఒకటి ఒరుసుకొని ఊపును తగ్గించేవి. చేతితో తిప్పే మరతో బిగువు మార్చుకోవచ్చు.
* 1948లో ప్రకటించిన సిరీస్ సి బండ్లలో రెండు స్ప్రింగు గొట్టాల మధ్య ఒక హైడ్రాలిక్ డాంపరును చేర్చారు. ఇందులో గొట్టం నిండా నూనె ఉంటుంది. కడ్డీ చివరనున్న పిస్టను నూనెలో కదిలినపుడు నూనె సన్నని రంధ్రాలగుండా పోవలసి వస్తుంది. కుదుపులోని శక్తి ఆ విధంగా వేడిగా మారి పోతుంది. ఇదే సిరీస్‌లో ముందు చక్రానికి గిర్డ్రాలిక్ అనే ఫోర్కును ప్రవేశపెట్టారు.
* 1954లో ప్రకటించిన సిరీస్ డి బండ్లలో స్ప్రింగు, డాంపరు కలిసిన ఒకే ఆర్మ్‌స్ట్రాంగ్ యూనిటును సీటు కింద అమర్చారు. నేటి భాషలో చెప్పాలంటే ఇది మోనోషాకే.

ఇంటివద్ద మరమ్మతు

బండి యజమానియే బండిని బాగుచేసుకోగలగాలని విన్సెంట్ భావించేవాడు. ఇది ఆయన బండ్లలో అడుగడుగునా కనిపిస్తుంది. చక్రాల ఇరుసులకు చేతితో తిప్పే అడ్డకడ్డీలు ఉంటాయి. పనిముట్లు లేకుండానే చక్రాన్ని ఊడదీయవచ్చు. చైను బిగువును చేతితోనే సరిచేయవచ్చు. వెనుక చక్రానికి రెండువైపులా వేరు వేరు సంఖ్యలో పళ్ళున్న చక్రాలను బిగించుకొని, చక్రాన్ని తిప్పి పెట్టడం ద్వారా గేరు నిష్పత్తిని మార్చుకోవచ్చు. పాదపీటలు, బ్రేకు పెడలు, గేరు మీట నడిపేవాని పొడవును బట్టి జరుపుకోవచ్చు. ఈ బండ్లు నేటికీ ఇళ్ళలోని షెడ్లలో మరమ్మతు పొందుతూ నడవడానికి ఇదొక ముఖ్య కారణం.

వెనుక షాక్ అబ్జార్బరులో సాధారణంగా అరిగేది కడ్డీ చుట్టూ ఉండే సీలు. సీలు చెడితే నూనె బయటకు కారుతుంది. నూనె తగ్గితే గాలి చేరి బండి గతుకు గతుకుకూ ఊగుతుంది. ఇటువంటి డాంపరును తిరిగి సిద్ధం చేసే క్రమం, అది పాత విన్సెంట్‌దైనా నేటి డర్ట్ బైకుదైనా, స్థూలంగా ఒకటే:

# బండిని గట్టి స్టాండుపై నిలిపి, వెనుక చక్రం నేలను తాకకుండా చూసి, యూనిటును విప్పాలి. బురదను ముందే కడిగివేయాలి. లోపలికి ఇసుక రేణువు పోయినా కొత్త సీలు పాడవుతుంది.
# స్ప్రింగు బిగువును పూర్తిగా సడలించిన తరువాతనే దానిని తీయాలి. కుదించిన స్ప్రింగు ఒక్కసారిగా విడివడితే ప్రాణాపాయం కలుగవచ్చు.
# విప్పిన భాగాలను తీసిన వరుసలో గుడ్డపై పేర్చుకోవాలి. పిస్టనుకు ఇరువైపులా ఉండే పలుచని బిళ్ళల వరుస మారితే డాంపరు గుణమే మారిపోతుంది.
# కడ్డీపై గీతలు, తుప్పు ఉన్నాయేమో చూడాలి. గీతలు పడిన కడ్డీకి కొత్త సీలు వేసినా నిలవదు.
# కొత్త సీళ్ళు వేసి, నిర్దేశించిన నూనె పోసి, కడ్డీని మెల్లగా పైకీ కిందికీ కదుపుతూ గాలి బుడగలన్నీ పోయేవరకు ఆగాలి.

అయితే ఒక ముఖ్యమైన తేడా ఉంది. నేటి డర్ట్ బైకుల షాక్ అబ్జార్బరులో నూనె నురగ కట్టకుండా పక్కనున్న చిన్న గొట్టంలో నైట్రోజన్ వాయువును, సాధారణంగా వాతావరణ పీడనానికి దాదాపు పదింతల పీడనంతో, నింపుతారు. ఈ వాయువును వాల్వు ద్వారా పూర్తిగా వదలకుండా యూనిటును విప్పరాదు. తిరిగి నింపడానికి తగిన సిలిండరు, మీటరు ఉండాలి. కాబట్టి ఇంటివద్ద పని చేసుకొనేవారు కూడా ఈ చివరి అంకాన్ని వర్క్‌షాపులో చేయించుకోవడం వాడుక. సిరీస్ సి విన్సెంట్ డాంపరులో ఇటువంటి వాయువు లేదు. ఈ బండ్ల యజమానులలో పలువురు పాత డాంపరు స్థానంలో కొత్తరకం డాంపరును బిగించుకొంటారు.

ఆర్థిక కష్టాలు

విన్సెంట్ బండ్లు ఖరీదైనవి. ప్రతి బండిని జాగ్రత్తగా చేతిపనితో కూర్చేవారు. నాణ్యతను తగ్గించి ధర తగ్గించడం విన్సెంట్‌కు ఇష్టం లేదు. యుద్ధానంతరం ఎగుమతులు బాగానే ఉన్నా పెట్టుబడి చాలక 1949లో సంస్థ రిసీవరు అధీనంలోకి వెళ్ళింది. అంతకు ముందు 1947లో విన్సెంట్ స్వయంగా ఒక రాపిడ్ బండిని పరీక్షిస్తూ ప్రమాదానికి గురై తీవ్రంగా గాయపడ్డాడు. 1949లోనే ఇర్వింగ్ ఆస్ట్రేలియా తిరిగి వెళ్ళిపోయాడు.

అమెరికా మార్కెట్టు కొరకు అక్కడి ఇండియన్ అనే మోటారు సైకిళ్ళ సంస్థతో సంప్రదింపులు జరిగాయి. ఆ సంస్థ పేరుకు మన దేశంతో సంబంధం లేదు. వారి చీఫ్ బండిలో విన్సెంట్ ఇంజను అమర్చి నమూనాను తయారుచేశారు గాని అది ఉత్పత్తి దాకా పోలేదు. హార్లే డేవిడ్సన్ పొడి అక్షరాలతో పొరబడకుండా ఉండేందుకు బండ్లపై హెచ్.ఆర్.డి. అనే అక్షరాలను తొలగించి విన్సెంట్ అనే పేరును మాత్రమే ఉంచారు.

1950లలో సంస్థను నిలబెట్టడానికి అనేక ప్రయత్నాలు జరిగాయి. సైకిలుకు తగిలించే 48 సి.సి. ఫైర్‌ఫ్లై ఇంజను తయారీని చేపట్టారు. జర్మనీకి చెందిన ఎన్.ఎస్.యు. సంస్థ మోపెడ్లను బ్రిటనులో అమ్మారు. ఈ మోపెడ్లు బాగా అమ్ముడుపోవడంతో ఎన్.ఎస్.యు. ఆ వ్యాపారాన్ని తన చేతిలోకి తీసుకొంది. అత్యుత్తమమైన బండి తయారుచేసే సంస్థకు చౌక మోపెడే దిక్కు కావడం, అదీ చేజారడం విన్సెంట్ జీవితంలో ఒక విషాదం.

1954లో ప్రకటించిన బ్లాక్ ప్రిన్స్, బ్లాక్ నైట్ బండ్లు ఆయన చివరి సాహసం. ఇంజనును, వెనుక చక్రాన్ని ఫైబర్‌గ్లాసు తొడుగుతో కప్పి, వాన, బురద నడిపేవానిపై పడకుండా ఏర్పాటు చేశారు. ఉద్యోగి తన మామూలు దుస్తులతోనే వేగంగా ప్రయాణం చేయగలగాలన్నది ఉద్దేశం. తొడుగుల సరఫరా ఆలస్యమైంది. కొనేవారికి ఆ రూపం నచ్చలేదు. 1928లో వెనుక స్ప్రింగులను చూసి వెనుకాడినట్లే ఇప్పుడు తొడుగును చూసి వెనుకాడారు. 1955 డిసెంబరులో మోటారు సైకిళ్ళ ఉత్పత్తి ఆగిపోయింది. యుద్ధం తరువాత తయారైన విన్సెంట్‌ల సంఖ్య సుమారు 11,000.

ఉత్పత్తి ఆగిన ఆ సంవత్సరమే, 1955 జులై 2న, న్యూజీలాండుకు చెందిన రసెల్ రైట్ విన్సెంట్ బండిపై గంటకు 185.15 మైళ్ళ (సుమారు 298 కి.మీ.) వేగంతో మోటారు సైకిళ్ళ ప్రపంచ వేగ రికార్డు సాధించాడు.

చివరి సంవత్సరాలు

మోటారు సైకిళ్ళ తయారీ నిలిచిన తరువాత సంస్థ సైనిక శిక్షణలో వాడే పైలటు లేని విమానాలకు పికాడర్ ఇంజన్లను, అమాండా అనే నీటి స్కూటరును తయారుచేసింది. 1959లో సంస్థను హార్పర్ ఇంజన్స్ కొనుగోలు చేసింది. విన్సెంట్ ఆ తరువాత కూడా కొత్త ఇంజన్ల ఆలోచనలు మానలేదు. 1976లో తన ఆత్మకథను ప్రచురించాడు. 1979 మార్చి 27న తన 71వ యేట మరణించాడు.

మోనోషాక్, డర్ట్ బైకులు

1970ల ప్రారంభంలో బెల్జియం ఇంజనీరు లూసియన్ టిల్కెన్స్ మోటోక్రాస్ బండ్ల కొరకు ఒక వెనుక సస్పెన్షనును రూపొందించాడు. త్రిభుజాకారపు వెనుక చట్రం, సీటు కింద ఒకే పొడవాటి షాక్ అబ్జార్బరు ఇందులోని ముఖ్యాంశాలు. దీనిని జపానుకు చెందిన యమహా సంస్థ స్వీకరించి 1973 పందేలలో వాడింది. ఆ సంవత్సరం స్వీడనుకు చెందిన హోకన్ ఆండర్సన్ యమహా బండిపై 250 సి.సి. ప్రపంచ మోటోక్రాస్ ఛాంపియనయ్యాడు. తరువాత యమహా దీనిని మోనోషాక్ అనే పేరుతో అమ్మకపు బండ్లలో ప్రవేశపెట్టింది. వాయువు నింపిన డాంపరు, ఎక్కువ ఎత్తుకు కదిలే చక్రం ఇందులోని కొత్త అంశాలు. త్రిభుజపు చట్రం, సీటు కింద స్ప్రింగు అనే మూలసూత్రం మాత్రం విన్సెంట్ 1928లోనే చూపినది. తన సూత్రం మట్టి బాటలపై గెలవడాన్ని చూసేవరకు విన్సెంట్ జీవించే ఉన్నాడు. కాని అప్పటికి ఆయన కర్మాగారం లేదు.

తరువాతి కాలపు బండ్లలో షాక్ అబ్జార్బరుకు, చక్రపు చట్రానికి మధ్య లివర్లను చేర్చారు. దీనివల్ల చిన్న గతుకులకు మెత్తగా, పెద్ద దెబ్బలకు గట్టిగా పనిచేసే గుణం వచ్చింది.

విశేషాలు

* ఐల్ ఆఫ్ మ్యాన్ విజేతగాను, తరువాత 1964లో ఫార్ములా వన్ ఛాంపియన్‌గాను పేరుపొందిన జాన్ సర్టీస్ విన్సెంట్ కర్మాగారంలో అప్రెంటిసుగా పనిచేశాడు. రెండు చక్రాల మీద, నాలుగు చక్రాల మీద ప్రపంచ ఛాంపియన్ అయినవాడు ఆయన ఒక్కడే.
* ఫిల్ ఇర్వింగ్ తరువాత రెప్కో కారు ఇంజనును రూపొందించాడు. ఆ ఇంజనుతో జాక్ బ్రభమ్ 1966లో ప్రపంచ ఛాంపియనయ్యాడు.
* విన్సెంట్ యజమానుల క్లబ్బు 1948లో ఏర్పడింది. విడిభాగాల కొరత తీర్చడానికి 1975లో సభ్యులే ఒక విడిభాగాల సంస్థను ప్రారంభించారు. ఉత్పత్తి ఆగిన ఇరవై యేళ్ళకు కొనుగోలుదారులే భాగాలు తయారు చేయించుకోవడం అరుదైన విషయం.
* 2018 జనవరిలో అమెరికాలోని లాస్ వేగాస్‌లో జరిగిన వేలంలో 1951 నాటి ఒక బ్లాక్ లైట్నింగ్ 9,29,000 డాలర్లకు అమ్ముడయింది. మోటారు సైకిలుకు వేలంలో అంతవరకు పలికిన ధరలన్నిటిలోను అది అత్యధికం.

స్థానం

ఇంజనీరుగా విన్సెంట్ తన కాలానికి ముందున్నవాడు. ఇంజనునే చట్రంగా వాడడం, వెనుక చక్రానికి త్రిభుజపు చట్రం, సీటు కింద ఒకే షాక్ అబ్జార్బరు, బండిని కప్పే తొడుగు ఇవన్నీ తరువాతి కాలంలో సాధారణమయ్యాయి. వ్యాపారిగా ఆయన సఫలుడు కాలేదు. బండి బాగుంటే కొనేవారు తప్పక వస్తారన్న ఆయన నమ్మకం నిజం కాలేదు. కాని ఆ బండ్లను బాగుచేసుకొనే వీలును యజమాని చేతిలో ఉంచడం వృథా పోలేదు. కర్మాగారం మూతపడి దశాబ్దాలు గడిచినా విన్సెంట్ బండ్లు అనేక దేశాలలో నేటికీ రోడ్డుపై నడుస్తున్నాయి.